కొండెక్కిన మాట

మంట ఆరిపోయిందని మా చెల్లె చెప్పలేదు. చెప్పిందని రాసుకున్నారు. ఆ రాతను నమ్మి ఫైరింజన్ సగం దారిలో వెనక్కి తిరిగింది. పొద్దుగూకేసరికి రెండు ఇళ్ళు, ఒక పశువుల కొట్టం, వాడలోని గడ్డివాములన్నీ బూడిదయ్యాయి. కాలినవాళ్ళకు కొత్త రేకులు వచ్చాయి. మా చెల్లెకు నింద వచ్చింది. రేకులకు తుప్పు పడుతుంది, నిందకు పట్టదు.

ఇది పోయిన ఎండాకాలం మాట. అప్పటినుంచి అర్జీలు పెడుతూనే ఉన్నాను. "గ్రామస్థుల సమాచారం మేరకే వాహనం వెనుదిరిగినది" అనే ఒక్క వాక్యం తప్ప ఇంకో ముక్క రాలేదు. గ్రామస్థులంటే ఎవరు? మా చెల్లె శాంతవ్వ. ఆ రోజు ఊళ్ళో ఫోను పట్టుకుని నిలబడ్డది ఆమె ఒక్కతే.

నేను బడికి పోయినవాణ్ణి కాను. బాన్సువాడ రైసుమిల్లులో బాయిలర్ కింద ఊక ఎగదోస్తూ, బజారులో దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అంత కష్టపడి నేర్చుకున్నందుకేమో, రాసిన మాట అబద్ధమైతే నాకు ఒళ్ళు మండుతుంది. మాఘంలో గుట్టల మీద గడ్డి మళ్ళీ పచ్చదనం విడుస్తున్నదని తెలిసి, ఇక కాగితాలు చాలనుకున్నాను. సంచిలో ఒక జత బట్టలు, తువ్వాల వేసుకుని బయలుదేరాను. కాశీకీ రామేశ్వరానికీ పోయినవాళ్ళు యాత్రలు రాస్తారు. నేను పెద్ద కొడప్‌గల్ అవతలికి పోయివచ్చి రాస్తున్నాను. కాశీ చూసినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు, ఆ వాడ చూసినవాళ్ళు ఎంతమంది?

మంజీర అవతల

బిచ్కుంద బస్సులో నేను తప్ప టికెట్ కొన్నవాళ్ళు నలుగురు కూడా లేరు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కదా. పక్కసీటు అవ్వ నా చేతిలో టికెట్ చూసి, "నువ్వొక్కనివే బస్సు నడిపిస్తున్నవ్ కాకా, మంచిగ గూసో" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మంజీర వంతెన దాటేదాకా నాకు తెలిసిన లోకం. యాసంగి నాట్లు పడ్డ పొలాలు, కాలువల్లో నిజాంసాగర్ నీళ్ళు, గట్ల మీద కొంగలు. మా దిక్కు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, అందుకే మాకు అగ్గి అంటే లెక్కలేదు. వానాకాలం పంటను హార్వెస్టర్ కోసుకుపోగానే కొయ్యకాళ్ళకు అగ్గిపుల్ల గీసి ఇంటికి వచ్చేస్తాం. మంట గట్టుదాకా పోయి, తడి తగిలి, తనంతట తానే చస్తుందని ధీమా. ఒక్కోసారి చావదు. పక్కవాడి చెరకుతోటలోకి దూరుతుంది. అప్పుడు పంచాయితీలు. అయినా వచ్చే ఏడు మళ్ళీ గీస్తాం.

వంతెన దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి, అందులో శనగ, కోసేసిన కంది మోళ్ళు. నీళ్ళ జాడ లేదు. రోడ్డు పక్కన గడ్డి మోకాలెత్తున ఎండి, బస్సు గాలికి పక్కకు ఒరిగి మళ్ళీ లేస్తోంది. ఒకతను బీడీ కాల్చి కిటికీలోంచి విసరబోతే కండక్టర్ గట్టిగా అరిచాడు.

"ఏయ్, ఏంది గది? ఆర్పి జేబుల ఏస్కో. గీ గడ్డి నీ అయ్య నాటిండా?"

బీడీ మనిషి చెప్పుకింద నలిపి, నిజంగానే జేబులో వేసుకున్నాడు. మా బాన్సువాడ దిక్కు ఏ కండక్టరూ బీడీ గురించి అంత మాట అనడు. నదికి ఇవతల అగ్గి ఒకటి, అవతల అగ్గి ఒకటి అని అప్పుడే తెలిసింది.

ముందు సీట్లో ఇద్దరు మరాఠీ మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన నా వైపు తిరిగి తెలుగులో ఒక ముచ్చట చెప్పాడు. ఒకనాడు గొర్లకాపరి ఒకడు చేలో మంట చూసి, రోడ్డు మీదికి ఉరికి వచ్చి "ఆగ్! ఆగ్!" అని అరిచాడట. బస్సు డ్రైవరు కోస్తా దిక్కువాడట, "ఆగు" అంటున్నాడనుకుని బస్సు ఆపి, "ఎక్కు మరి" అన్నాడట. నేను నమ్మలేదు. ఈ ప్రాంతంలో బస్సు నడిపేవాడికి ఆగ్ అంటే అగ్గి అని తెలియకుండా ఉంటుందా? అబద్ధమైనా బాగా అల్లాడు, అంతే. రెండో రోజుకు ఆ ముచ్చట నన్ను మళ్ళీ పట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

బిచ్కుందలో చాయ్

బిచ్కుందలో అంగడి రోజు. శనగ చెట్లు వేళ్ళతో సహా కట్టలు కట్టి అమ్ముతున్నారు. అమ్మే ఆమె కట్ట ఇరవై అన్నది, పదిహేనుకు ఇచ్చింది. కాయలు వలుచుకుని తింటూ తిరిగాను. ఆకుకు పులుపు ఉంటుంది, వేళ్ళకు అంటుకుంటుంది. మా వైపు పచ్చిశనగ వేయించి అమ్ముతారు గానీ, ఇలా చెట్టుతో నమిలితేనే దానికి రుచి.

చాయ్ కోసం ఒక హోటలుకు పోయాను. హోటలంటే రేకుల పందిరి, రెండు బల్లలు. పొయ్యి దగ్గర ఉన్నామె చెంగుతో మొహం తుడుచుకుంటూ, "చాయ్ లేదు పెద్దాయనా. గ్యాస్ కొండెక్కింది. పిలగాడు సిలిండర్ తేవడానికి పోయిండు" అంది.

"అయిపోయిందని చెప్పరాదమ్మా?"

"పొద్దుగాల పొద్దుగాల దుకాణంల అయిపోయింది, ఆరిపోయింది అంటరా? బోణీ గాలే ఇంక."

మిర్చీలు రెండు తిని నీళ్ళు తాగి లేచాను. అక్కడే చెప్పు తెగింది. కుట్టేవాడు ఊళ్ళో లేడు. తాడుతో కట్టుకుని పెద్ద కొడప్‌గల్ ఆటో ఎక్కాను. ఆటోలో పదకొండుమందిమి, ఒక మేకపిల్ల. మేకపిల్ల నా ఒళ్ళో కూర్చుని ఆ చెప్పుతాడునే నమిలింది.

దేవుడున్నది కొండ

పెద్ద కొడప్‌గల్‌లో దిగి ఇంకో ఆటో మాట్లాడుకుని మా చెల్లె ఉండే వాడకు చేరాను. వాడ పేరు రాయను. ముప్పై ఇళ్ళుంటాయి. వెనకాల నిటారుగా ఒక రాతిగుట్ట, దాని మీద మోదుగ, తునికి, ఎండుగడ్డి. చుట్టుపక్కల ఇంకా ఎత్తయినవి ఉన్నాయి, వాటన్నిటినీ గుట్టలే అంటారు. దీన్ని మాత్రం కొండ అంటారు.

"గుట్ట గాదు అన్నా, కొండ," అని మా చెల్లె మొదటి రోజే సరిదిద్దింది. "పైన మల్లన్న ఉన్నడు. దేవుడున్నదాన్ని గుట్ట అంటరా?"

శాంతవ్వ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. భర్త పోయాడు, రెండు బర్రెలు, ఎకరం చేను. నన్ను చూసి సంతోషపడ్డది గానీ మాట తక్కువైంది. జొన్నరొట్టె, పిట్ల చేసింది. శనగపిండిని ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో ఉడికిస్తే పిట్ల. మేం అన్నం తినేవాళ్ళం, రొట్టెకు పంటి బలం కావాలి, నాకది పోయింది. పిట్లలో నానబెట్టుకు తిన్నాను.

తిన్నాక చెల్లె పెరుగు చిలికిన సల్ల పెద్ద గిన్నెడు తెచ్చి నాకు ఒక చెంబు పోసింది. మిగిలిందంతా తీసుకుపోయి దూడల కుడితిలో గుమ్మరించింది.

"అదేంది శాంతా? మంచి సల్ల."

"ఎవలు తాగుతరు?"

అంతే అంది. ఆమె ఇంటి సల్ల వాడంతా పోయేది. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చి పోయించుకునేవాళ్ళు, పైసలు లేవు, సల్లకు ఎవరూ పైసలు తీసుకోరు. నేను వచ్చినప్పుడల్లా ఆ గిన్నెల చప్పుడుకే మెలకువ వచ్చేది. ఈసారి తెల్లారినాక కూడా వాకిలి నిశ్శబ్దంగా ఉంది. లోపల ఆమె ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. ఆమె చీపురు ఆపలేదు. ఏడాదిగా ఆమె ఫోను ఎత్తదు, చేయదు. నేను కూడా పక్క ఊరి ఆటో అతనితో కబురు పంపే వచ్చాను.

నల్లబాట

పొద్దున వాడ తిరిగి చూశాను. అగ్గి నేర్పిన చదువు గోడగోడకూ కనిపిస్తోంది. గడ్డివాములు ఇళ్ళ మధ్య ఒక్కటి లేదు, అన్నీ ఊరి ముందు బంజరుకు తరలించారు. ప్రతి ఇంటి మూలకూ నీళ్ళ డ్రమ్ము. మందు కొట్టే పంపులను కడిగి, నీళ్ళు నింపి, అరుగుల మీద వరుసగా పెట్టారు. ఇళ్ళ రేకుల మీద రాలిన ఆకులు ఊడ్చేశారు. వాడకూ కొండకూ మధ్య ట్రాక్టరుతో రెండు సాళ్ళ వెడల్పు కాదు, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున దున్ని గడ్డి పరక లేకుండా చేశారు. రేగడి కాబట్టి నల్లగా కనిపిస్తుంది. నల్లబాట అంటున్నారు.

నా చిన్నప్పుడు ఇళ్ళన్నీ గడ్డికప్పులే. ఎండాకాలం పడమటి గాలి లేచిందంటే డప్పు కొట్టేవాడు వాడవాడా తిరిగి, పొయ్యిల్లో నీళ్ళు చల్లుకొమ్మని చాటేవాడు. ఆ పూట ఎవరింట్లో పొగ లేచినా పెద్దమనుషులు వచ్చి అడిగేవాళ్ళు. చద్దన్నమో అటుకులో తినేవాళ్ళం. రేకులు, స్లాబులు వచ్చాక ఆ చాటింపు పోయింది. ఇల్లు గట్టిదైంది కదా అని భయం విడిచాం. ఇల్లు గట్టిదే, ఇంటి చుట్టూ పేర్చుకున్న కట్టె, గడ్డి, కందిపొరక గట్టివా? బాయిలర్ దగ్గర బతికినవాణ్ణి, నాకు తెలిసింది ఒక్కటే. మంట పెద్దదని కాదు, దానికి తిండి దగ్గరుందని భయపడాలి.

నల్లబాట మీద ఒకామె గొడ్డలితో తుప్ప వేళ్ళు నరుకుతోంది. ముత్తెమ్మ. కాలిన రెండిళ్ళలో ఒకటి ఆమెది. ఈనడానికి దగ్గరపడ్డ బర్రె కట్టుతాడు తెంచుకోలేక కొట్టంలోనే పోయింది. పలకరించాను.

"బాగున్నవా ముత్తెమ్మా?"

"బాగనే ఉన్న అన్నా. ఇగ ఈ బాట సూడు, ఎంత తీసినా మళ్ళ మొలుస్తది."

"అగ్గి వస్తే ఫోన్ ఎవరు చేస్తారని పెట్టుకున్నారు?"

ఆమె గొడ్డలి ఆపింది. "ఫోనా? ఎందుకు? వచ్చేదాన్ని వద్దనడానికా?" అని మళ్ళీ వంగింది.

అది విని నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంత సిద్ధం చేసుకున్న వాడ, పిలిస్తే వచ్చే బండిని మాత్రం పిలవనని తీర్మానం చేసుకుంది. మళ్ళీ కొండ అంటుకుంటే పంపుల నీళ్ళతో ఆగుతుందా?

ఆ రోజు ఫోను

మధ్యాహ్నం చెల్లెను కూర్చోబెట్టి అడిగాను. ఏడాదిగా కబురు పంపి అడుగుతూనే ఉన్నా ఆమె నుంచి వచ్చే మాట ఒకటే, ఉన్నది ఉన్నట్టు చెప్పిన అని. ఈసారి నేను అలా అడగలేదు.

"నువ్వేమన్నవో నాకు మాటకు మాట కావాలె. వాడేమన్నడు, నువ్వేమన్నవు."

ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. కొండకు అవతలి చేన్లలో ఎవరో కందిపొరకకు అగ్గి పెట్టారు. గాలి తిరిగి మంట గడ్డిలో పడ్డది. వాడలో కాళ్ళున్న ప్రతివాడూ కొమ్మలు విరుచుకుని అటు పరుగెత్తాడు. పసిపిల్లలను చెల్లె దగ్గర వదిలి, ఫైరింజన్‌కు చేయమని ఫోను చేతిలో పెట్టారు. చేసింది. వస్తున్నామన్నారు.

"కొంచెంసేపైనంక ఆళ్ళే మళ్ళ చేసిన్రు. ఎట్లున్నదమ్మా ఇప్పుడు అని అడిగిండు పిలగాడు. మంచిగనే మాట్లాడిండు. నేను ఇట్ల తలెత్తి సూసిన. మల్లన్న రాయి పక్కపొంటి ఎర్రగ లేస్తున్నది. అగ్గి కొండెక్కింది బిడ్డా, అన్న."

"తర్వాత?"

"సరే అమ్మా, మంచిదాయె, అని పెట్టేసిండు. మంచిదాయె అంటడేంది అనుకున్న. వస్తున్నరు గద అనుకున్న."

బస్సులో విన్న ఆగ్, ఆగు ముచ్చట గుర్తుకొచ్చింది. బిచ్కుంద హోటలామె నా చెవిలో ఉంది. గ్యాస్ కొండెక్కింది. దీపం ఆరిందని నోటితో అనకూడదని మన ఆడవాళ్ళు దీపం కొండెక్కింది అంటారు. అంటే ఆరిపోయింది. వాడలో ఎవరికీ ఇది తట్టలేదు. తట్టదు. వాళ్ళకు కొండ అంటే కళ్ళెదుట నిలబడ్డ రాళ్ళు.

చెల్లెకు చెప్పాను. ఆమె ముందు నవ్వింది. తర్వాత చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మరి నేనేమనాల్నే అన్నా? కొండను గుట్ట అనాల్నా?"

సాయంత్రం ముత్తెమ్మ గడ్డిమోపు కట్టుకుంటుంటే పోయి, విషయం చెప్పి, అడిగాను. "ఆనాడు ఫోన్ల మాట్లాడినోడే తప్పు తనదని నీకు చెప్తే, నా చెల్లె ఇంటి సల్ల తాగుతవా?" ఆమె నా మొహం చూసింది. ఫోన్ నంబరు అడిగితే చెప్పింది. నేనడిగినదానికి మాత్రం ఏమీ అనలేదు. మోపు ఎత్తుకుని పోయింది.

కోటగిరి దారిలో

మూడో రోజు ఫైర్ స్టేషన్‌కు పోయాను. ఏ ఊరి స్టేషనో ఇక్కడ అవసరం లేదు. తిట్టాలని పోయాను, తిట్టలేకపోయాను. అక్కడున్న పెద్దవయసు మనిషి కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఒక్క బండి ఉంది, రెండు చోట్లనుంచి పిలుపు వచ్చింది. ఒకచోట ఆరిందని తెలిస్తే బండి రెండోచోటికి పోక ఏం చేస్తుంది? ఫోన్లో మాట్లాడింది నరేందర్ అనే పిల్లవాడు, ఇప్పుడు సెలవు మీద కోటగిరి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు.

బాన్సువాడ మీదుగానే పోవాలి, అయినా ఇంటికి పోలేదు. పోతే మా ఇంట్లోవాళ్ళు మళ్ళీ కదలనివ్వరు. కోటగిరి ఆటోలో కూర్చుంటే రెండు పక్కలా కాలువ నీళ్ళ వాసన. నల్లరేగడి చూసివచ్చిన కంటికి ఈ పచ్చదనం ఎవరిదో సొమ్ములా అనిపించింది.

నరేందర్ ఇల్లు కాలువ ఒడ్డున ఉంది. పాతికేళ్ళ పిల్లవాడు, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. వాళ్ళమ్మ నన్ను చూడగానే చాప వేసింది. సంగతి చెప్పాను. అతని మొహం బిగుసుకుంది.

"తాతా, గామెనే చెప్పింది. నేను సొంతంగ రాయలే. రికార్డుల ఉన్నది."

"రికార్డుల ఏం రాసినవో నాకు తెలుసు. ఆమె నోటితోని ఏమన్నదో చెప్పు."

"ఆరిపోయిందన్నది."

"గా మాటే అన్నదా?"

"గదే... గట్లాంటిదే."

దీపాల వేళ. వాళ్ళమ్మ తులసి దగ్గర పెట్టిన దీపం కాలువ గాలికి రెపరెపలాడి పోయింది. నేను కావాలనే గట్టిగా అన్నాను, "అమ్మా, దీపం ఆరిపోయింది చూడు."

ఆమె చేతిలోని పళ్ళెం పెట్టేసి వచ్చింది. "అయ్యో అన్నా, గా మాట అనొద్దు. పెద్దమనిషివి, నీకు నేను చెప్పాల్నా? కొండెక్కింది అనాలె. మా ఇంట్ల పొయ్యిని గూడ మేం ఆరింది అనం."

నేను నరేందర్ దిక్కు తిరిగాను.

"మా చెల్లె ఊర్ల కొండ ఉన్నది బిడ్డా," అన్నాను. "నిజం కొండ. రాళ్ళ కొండ. ఇండ్ల వెనకాలనే ఉన్నది."

అతను చాలాసేపు తులసికోట దిక్కు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అగ్గి కొండెక్కింది బిడ్డా, అన్నది. గదే మాట. ఇప్పుడు నా చెవుల ఇనబడుతున్నది. పెద్దామె, అగ్గిని గూడ మర్యాదగ అంటున్నదనుకున్న తాతా. మా అమ్మ లెక్క."

ఏడాది కోపం నాలో ఎక్కడో కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. దొరకలేదు. తప్పు చేసినవాడు నిర్లక్ష్యం వల్ల చేసి ఉంటే నాకు తేలికయ్యేది. వీడు మంచి పెంపకం వల్ల చేశాడు.

అయినా అడిగాను. "గిదే ముక్క రాసియ్యి."

"రాస్తె నా నౌకరి ఉండది. ఇంక పర్మనెంట్ గాలే." దాచకుండా చెప్పాడు. వాళ్ళమ్మ మధ్యలోకి రాలేదు. అగ్గిపుల్ల గీసి, చెయ్యి అడ్డం పెట్టి, దీపం మళ్ళీ వెలిగించి లోపలికి పోయింది.

నేను అర్జీల మనిషిని. కాగితం లేనిది నాకు ఏదీ జరిగినట్టు కాదు. కానీ కాగితం వస్తే ఎవరికి? నాకు. సల్ల గుమ్మరించుకుంటున్నది నేను కాదు. "సరే, రాయకు. చెప్పు. ఇల్లు కాలినామెకు చెప్పు," అన్నాను.

వాడు అక్కడికక్కడే ముత్తెమ్మకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. తనెవరో చెప్పాడు. "అమ్మా, ఆనాడు ఫోన్ల మాట్లాడింది నేనే. శాంతవ్వ సక్కగనే చెప్పింది. అగ్గి కొండ మీదికొచ్చిందని చెప్పింది. నేనే ఆరిపోయిందని అర్థం చేసుకున్న. బండి వాపస్ పోయింది ఆమె వల్ల గాదు, నా వల్ల." ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మళ్ళ ఎప్పుడన్న గట్లైతే ఫోన్ చేయున్రి. ఇప్పటి సంది నేను, మండుతున్నదా, మండుతలేదా, గంతే అడుగుత."

అవతల గాలి చప్పుడు, ఎక్కడో బర్రె అరుపు. ముత్తెమ్మ ఫోన్ పెట్టేసింది.

నరేందర్ నా వైపు చూశాడు. నేను లేచాను. వాళ్ళమ్మ అన్నం తినకుండా కదలనివ్వలేదు. కాలువ కింది సన్నబియ్యం, చుక్కకూర పప్పు. మూడు రోజుల తర్వాత పంటికి నొప్పి లేని తిండి. తిన్నాను గానీ రుచి తెలియలేదు.

జవాబు

ఇంటికి వచ్చి చెప్పు కుట్టించుకున్నాను. కొన్నాళ్ళకు ఆఫీసునుంచి కవరు వచ్చింది. "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది." మడిచి తక్కినవాటితో పాటు పెట్టాను. మా ఇంటి వెనక కుప్పవేసిన కట్టె, గోనెసంచులు, ఎండుటాకులు ఊడ్పించి దూరంగా వేయించాను. కాలనీలో కొందరు నవ్వారు, కాలువ పక్కన ఉండి అగ్గికి భయమేంది కాకా అని. నవ్వనీ అనుకున్నాను.

ఒక పొద్దున ఇంకా చాయ్ తాగకముందే ఫోన్ మోగింది. చూస్తే మా చెల్లె నంబరు. ఏడాదిగా తన చేతితో ఎవరికీ ఫోన్ చేయని మనిషి. ఎండలు ముదురుతున్న రోజులు.

"శాంతా! ఏమైంది? మండుతున్నదా?"

"ఏం మండుతలేదన్నా," అంది. వెనకాల గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ముత్తెమ్మ వాకిట్ల నిలబడ్డది. నువ్వేదో అడిగినవట గద, దానికి జవాబు నీకు జెప్పుమంటున్నది. ఉండు, ఆమెకే ఇస్త."

ఫోను చేతులు మారింది. నేను పలికేలోగా ముత్తెమ్మ నాతో కాదు, గిన్నె ఠంగుమనిపించి మా చెల్లెతోనే, నాకు వినపడేలా గట్టిగా అంది:

"శాంతక్కా, సల్ల ఉన్నదా, కొండెక్కిందా?"